ఆ డ్రోన్ నాది కాదు!

జహీరాబాద్‌లో మాకో ఫొటో స్టూడియో ఉంది. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను నడుపుతున్నా. పెళ్లి, ఎంగేజ్‌మెంట్, శారీ ఫంక్షన్, చివరికి ట్రాక్టర్ కొన్నా సరే, అందరికీ డ్రోన్ షాట్ కావాలి. ‘డ్రోన్ లేకుంటే ఆల్బం ఎందుకన్నా?’ అని పెళ్లికొడుకులే అడుగుతున్నారు. కాబట్టి డ్రోన్ ఎగరేయడం నాకు సరదా కాదు, తిండి పెట్టే పని.

పోయిన మాఘంలో ఝరాసంగం వైపు ఓ ఊరి దగ్గర ప్రీ వెడ్డింగ్ షూట్ పెట్టుకున్నాం. పొద్దున ఆరున్నర. పైన లేత మంచు, కింద ఎర్రమట్టి బాట, రెండు పక్కలా కోతకొచ్చిన చెరకు. ఇంతకన్నా మంచి లొకేషన్ నాకు తెలియదు. ఒక బ్యాటరీ అయ్యేదాకా ఎగరేశా, దింపేశా. రెండో బ్యాటరీ మారుస్తూ ఉండగా చెరకు మళ్ల పక్క నుంచి ఏడెనిమిది మంది వచ్చారు. ముగ్గురి చేతుల్లో కట్టెలున్నాయి. ముందు నడుస్తున్నావిడకు అరవై దాటి ఉంటాయి.

‘‘గిది ఎవలదిరా? బాయికాడ ఆడోళ్లు తానాలు చేస్తుంటే మీదికెళ్లి తిప్పుతున్నరు. సిగ్గు లేదా కొడుకా?’’

నాది కాదవ్వా అన్నాను. నాది చెరకు మీదే ఎగిరింది, దింపి పది నిమిషాలైంది అన్నాను. నా కాళ్ల దగ్గర డ్రోన్ ఉంది, చేతిలో రిమోట్ ఉంది. నా మాట ఎవరు నమ్ముతారు? తమాషా ఏంటంటే ఆ టైములో బావి వైపు నుంచి సన్నగా గుయ్‌మనే చప్పుడు నాకూ వినిపించింది. ఇంకో డ్రోన్ ఉంది. మేమంతా అటు తిరిగి చూసేసరికి చప్పుడు కూడా లేదు. ఎవరిదో, ఎక్కడి నుంచి ఎగిరిందో ఈ రోజుకీ తెలియదు.

ఆ తర్వాత నాలుగు గంటలు ఠాణాలో. నేనేం దొంగచాటుగా ఎగరేసేవాణ్ని కాదు. రిమోట్ పైలట్ సర్టిఫికేట్ ఉంది. డ్రోన్ మీద యూఐఎన్ నంబరు అంటించి ఉంది. రెండూ ఎస్సై గారి టేబుల్ మీద పెట్టా. ఆయన మర్యాదగానే మాట్లాడారు కానీ, అడిగిన ఒక్క ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

‘‘కాగితాలు మంచిగనే ఉన్నయ్ తమ్మీ. నువ్వు ఎవరో ఇవి చెప్తయ్. బావి మీద తిరిగింది నీది కాదని ఏ కాగితం చెప్తది?’’

చివరికి నన్ను బయటపడేసింది డ్రోన్ యాప్‌లోని ఫ్లైట్ లాగ్. ఏ నిమిషానికి ఎక్కడ, ఎంత ఎత్తులో ఉందో అందులో ఉంటుంది. మెమరీ కార్డులో వీడియో టైములు కూడా దానికి సరిపోయాయి. అదే లాగ్ లేకపోతే? ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూడడం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. అలాంటి కేసులో పేరొస్తే జహీరాబాద్ లాంటి ఊళ్లో స్టూడియో షట్టర్ మళ్లీ తెరవలేం. ఏ ఇంట్లో పెళ్లికి పిలుస్తారు?

ఎస్సై గారు నమ్మారు. ఊరి వాళ్లు నమ్మారని మాత్రం అనుకోను. ఆ పెద్దావిడ వెళ్తూ వెళ్తూ చూసిన చూపు అలాంటిది.

ఆ రోజు రాత్రి నుంచి నేను పట్టుకున్న మాటే ‘రిమోట్ ఐడీ’. దాని గురించి చదివింది, చేసి చూసింది, దెబ్బతిన్నది ఇక్కడ రాస్తున్నా. మీలో కూడా చాలామంది చేతుల్లో చిన్న డ్రోన్లున్నాయి కదా!

గాలిలో నంబర్ ప్లేటు

బండికి నంబర్ ప్లేటు ఉంటుంది. గుద్దేసి పారిపోతే కనీసం చివరి నాలుగంకెలైనా ఎవరో ఒకరు చూస్తారు. డ్రోన్‌కు నేను అంటించిన యూఐఎన్ స్టిక్కరు నాలుగు వందల అడుగుల ఎత్తులో ఎవరికి కనిపిస్తుంది? డ్రోన్ కూలి చేతికి దొరికితే తప్ప దానితో పని లేదు.

రిమోట్ ఐడీ అంటే ఆ నంబరును డ్రోన్ తానే రేడియోలో చెప్పుకుంటూ ఎగరడం. నంబరు ఒక్కటే కాదు. ఇప్పుడు నేనెక్కడున్నా, ఎంత ఎత్తులో ఉన్నా, ఎంత వేగంతో ఎటు పోతున్నా, టైమెంత, ఇవన్నీ సెకనుకోసారి చెబుతుంది. వాడేది మన ఫోన్లలో ఉండే బ్లూటూత్, వైఫై సిగ్నళ్లే. కాబట్టి కింద నిలబడ్డవాళ్ల ఫోన్లో తగిన యాప్ ఉంటే చాలు, మ్యాప్ మీద చుక్క కనిపిస్తుంది. సిమ్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. చెరకు తోట మధ్యలో నెట్‌వర్క్ ఎలా ఉంటుందో తెలిసిన మనకు ఇది చిన్న విషయం కాదు.

అర్థం కావాలంటే మా పక్కనే ఉన్న మాచ్‌నూర్ సంఘం రేడియోను తలుచుకోండి. 2008 నుంచి పల్లె ఆడవాళ్లే నడుపుతున్న కమ్యూనిటీ రేడియో అది. వాళ్లు మాట్లాడతారు, చుట్టుపక్కల రేడియో ఉన్నవాళ్లంతా వింటారు. ఎవరు వింటున్నారో స్టేషన్‌కు తెలియదు, వినేవాళ్లు అనుమతి అడగక్కర్లేదు. రిమోట్ ఐడీ కూడా అంతే. మంచీ చెడూ రెండూ ఆ ఒక్క లక్షణంలోనే ఉన్నాయి. చెడు సంగతికి తర్వాత వస్తా.

దీన్ని గట్టిగా అమలు చేసింది అమెరికా. అక్కడి విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 2021 జనవరిలో తుది నిబంధన ప్రచురించింది. ఎగరేసేవాళ్లకు 2023 సెప్టెంబరు 16 దాకా గడువిచ్చింది. అప్పటికి మార్కెట్‌లో పరికరాలు సరిగా దొరకలేదని గోల లేవడంతో 2024 మార్చి 16 దాకా చూసీ చూడనట్టు వదిలేసింది. జపాన్ అంతకన్నా ముందే, 2022 జూన్ 20 నుంచి, వంద గ్రాములు దాటిన ప్రతి డ్రోన్‌కూ రిజిస్ట్రేషన్‌తో పాటు దీన్నీ తప్పనిసరి చేసింది. యూరప్‌లో 2024 జనవరి నుంచి చాలా తరగతుల డ్రోన్లకు ఇది ఉండాల్సిందే.

మరి పాత డ్రోన్ల సంగతి? చేత్తో కట్టుకున్న రేసింగ్ డ్రోన్లు, నాన్న కొన్నలాంటి పాతకాలం డ్రోన్లు ఏం కావాలి? వాటి కోసం వచ్చిందే యాడ్ ఆన్ మాడ్యూల్. అగ్గిపెట్టె అంత డబ్బా. లోపల ఒక జీపీఎస్ చిప్, ఒక బ్లూటూత్ లేదా వైఫై ట్రాన్స్‌మిటర్, కొన్నిటిలో సొంత బ్యాటరీ. వెల్‌క్రోతో డ్రోన్ వీపు మీద అంటిస్తే సరి, డ్రోన్ మెదడుతో దానికి పని లేదు. అమెరికాలో ఇవి దాదాపు వంద నుంచి మూడు వందల డాలర్ల దాకా అమ్మారు. ఒక తేడా ఉంది. కంపెనీ నుంచే రిమోట్ ఐడీతో వచ్చిన డ్రోన్, రిమోట్ పట్టుకున్న మనిషి ఎక్కడ నిలబడ్డాడో కూడా చెబుతుంది. అంటించిన మాడ్యూల్‌కు ఆ సంగతి తెలియదు కాబట్టి ఎక్కడి నుంచి పైకి లేచిందో ఆ జాగా చెబుతుంది. అందుకే మాడ్యూల్ పెట్టిన డ్రోన్‌ను కంటిచూపు దాటి పంపకూడదని షరతు పెట్టారు. మాడ్యూల్ కూడా వద్దనుకుంటే ఎఫ్‌ఏఏ గుర్తించిన మైదానాల్లో మాత్రం ఎగరేసుకోవచ్చు.

రేసింగ్ డ్రోన్ల వాళ్లకు ఇది ససేమిరా నచ్చలేదు. రేస్‌డే క్వాడ్స్ అనే దుకాణం యజమాని, ఇది అనుమతి లేకుండా మనిషిని వెంటాడడమేనంటూ కోర్టుకెక్కాడు. 2022 జూలైలో వాషింగ్టన్ డీసీ అప్పీలు కోర్టు ఆయన వాదనను కొట్టేసింది. బహిరంగ ఆకాశంలో ఎగరేస్తూ నేనెవరో తెలియకూడదంటే కుదరదన్నది దాని సారం. నాకు ఆ తీర్పు సబబుగానే అనిపించింది. ఠాణాలో నాలుగు గంటలు కూర్చున్నవాడికి అలాగే అనిపిస్తుందేమో కూడా!

మన దగ్గర ఏముంది?

ఇక్కడో చిత్రం చెప్పాలి. డ్రోన్ తనను తాను చెప్పుకోవాలన్న ఆలోచన మన ప్రభుత్వానికి అమెరికా తుది నిబంధన కన్నా ముందే వచ్చింది. 2018 డిసెంబరు 1న అమల్లోకొచ్చిన డీజీసీఏ నిబంధనల్లో నానో తరగతి దాటిన డ్రోన్లకు మంటలకు కాలని నంబర్ ప్లేటు, ఆర్‌ఎఫ్‌ఐడీ, జీఎస్‌ఎం సిమ్, ‘అనుమతి లేకపోతే ఎగరదు’ అనే ఏర్పాటు, ఇలా చాలా అడిగారు. అడిగినవన్నీ ఉన్న డ్రోన్ బజార్లో దొరకాలి కదా! పెళ్లి ఫొటోగ్రాఫర్లలో సగం మందికి ఆ నిబంధన ఉందనే తెలియదు.

2020 జనవరిలో పౌర విమానయాన శాఖ, ‘మీ దగ్గర డ్రోనుంటే నెలాఖరులోగా మీరే చెప్పేయండి’ అంది. నాన్న ఆ పని చేశాడు. వివరాలు నింపితే డీఏఎన్ అని ఒక నంబరు వచ్చింది. అప్పుడు నేను నవ్వాను, ‘చెప్పినోడే దొరుకుతడు నాన్నా’ అని. ఆ కాగితమే తర్వాత యూఐఎన్ తీసుకోవడానికి అక్కరకొచ్చింది. నాన్న ఇప్పటికీ ఆ మాట ఎత్తి చూపుతాడు.

2021 జూన్ 27న జమ్ము వైమానిక స్థావరం మీద డ్రోన్లతో బాంబులు వేశారు. ఇక డ్రోన్లంటే సర్కారు బిగించేస్తుందనే అందరం అనుకున్నాం. రెండు నెలలకు, ఆగస్టు 25న, వచ్చిన ‘డ్రోన్ రూల్స్ 2021’ చూస్తే తలకిందులు. ఫారాలు తగ్గించారు, ఫీజులు తగ్గించారు, యూఐఎన్‌కు వంద రూపాయలన్నారు. విమానాశ్రయం చుట్టూ ఉండే యెల్లో జోన్‌ను 45 కిలోమీటర్ల నుంచి 12కు కుదించారు.

ఈ కుదింపు జహీరాబాద్ వాళ్లకు ఎంత పెద్ద సంగతో చెప్తా. మాకు బీదర్ వైమానిక స్థావరం సూటిగా గీత గీస్తే ముప్పై కిలోమీటర్ల లోపే. సూర్యకిరణ్ బృందం విమానాలు అక్కడివే. మేం మేడ మీద నిలబడితే శిక్షణ విమానాల చప్పుడు వినిపిస్తుంది. పాత లెక్కన మా ఊరూ, మా చెరకూ, మా పెళ్లి మండపాలూ అన్నీ ఆ 45లో పడేవి. అలాగని ఇప్పుడు ఇష్టారాజ్యం కాదు. గ్రీన్ జోన్‌లో నాలుగు వందల అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు, అంతకు మించితే కావాలి. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య అయితే రెండు వందల అడుగులే. ఎస్పీ స్థాయి అధికారి ఏ ప్రాంతాన్నయినా ఒక విడతలో 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ చేయొచ్చు. వీఐపీ వచ్చాడంటే నిన్న పచ్చగా ఉన్న జాగా ఇవాళ ఎర్రబడుతుంది. అందుకే డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా నేను బ్యాగు జిప్ కూడా తీయను.

ఇప్పుడు అసలు ముక్క. అదే 2021 రూల్స్‌లో 12వ నియమం ఉంది. భవిష్యత్తులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి డ్రోన్ యజమానులను మూడు రకాల ఏర్పాట్లు పెట్టుకోమనవచ్చు అంటుంది. అనుమతి రాకుండా పైకి లేవకపోవడం మొదటిది. హద్దు దాటకుండా ఆపే జియోఫెన్సింగ్ మరొకటి. మిగిలింది మన కథకు కావాల్సింది: డ్రోన్ ఉన్న చోటు, ఎత్తు, వేగం, యూఐఎన్‌లను అప్పటికప్పుడు తెలియజేసే ట్రాకింగ్ బీకన్. పేరు వేరే గానీ, రిమోట్ ఐడీకి సొంత తమ్ముడు. నోటిఫికేషన్ ఇచ్చాక పెట్టుకోవడానికి కనీసం ఆరు నెలల గడువివ్వాలని కూడా అందులోనే ఉంది. 2025 సెప్టెంబరులో కేంద్రం డ్రోన్ల కోసమే ప్రత్యేకంగా ఒక ముసాయిదా బిల్లును అభిప్రాయాల కోసం బయటపెట్టింది. దాన్ని చదివితే గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. రిజిస్ట్రేషన్, భద్రతా ఏర్పాట్లు, శిక్షలు, అన్నీ ఇంకాస్త బిగిసేలాగే ఉన్నాయి.

నా మట్టుకు నేను ఆ బీకన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాణ్ని. అంటే, ఈ కింది సంగతి జరిగేదాకా.

స్టూడియో వెనక ప్రయోగం

ఠాణా నుంచి వచ్చిన వారానికి నేనే ఒకటి తయారుచేసి చూద్దామనుకున్నా. ఈఎస్‌పీ32 అని ఎలక్ట్రానిక్స్ పిల్లలందరికీ తెలిసిన చిన్న బోర్డు ఉంటుంది, కొన్ని వందల రూపాయలది. దానికి జీపీఎస్ చిప్ కలిపి, ఉచితంగా దొరికే రిమోట్ ఐడీ సాఫ్ట్‌వేర్ ఎక్కించా. డ్రోన్‌కు కట్టలేదు, ఎగరేయలేదు. స్టూడియో వెనక వాకిట్లో స్టూలు మీద పెట్టి, ఆండ్రాయిడ్ ఫోన్లో ఓపెన్ డ్రోన్ ఐడీ యాప్ తెరిచా. అర నిమిషంలో మ్యాప్ మీద మా వాకిలి, దాని మీద ఒక డ్రోన్ బొమ్మ. చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశా.

ఆ తర్వాత ఇంకో పని చేశా. బోర్డులో నా నంబరు తీసేసి నోటికొచ్చిన నంబరు కొట్టా. యాప్ దాన్నీ అంతే నమ్మకంగా చూపించింది. ఎత్తు మార్చా, అదీ చూపించింది. డ్రోనే లేని చోట డ్రోన్ ఉన్నట్టు చూపించడం ఇంత సులువా అని కడుపులో చల్లబడింది. నంబరు నిజమైనదేనని సంతకంలాంటి రుజువు పంపే వీలు ఆ సాంకేతిక ప్రమాణంలో ఉంది గానీ, అమెరికా దాన్ని తప్పనిసరి చేయలేదు. అంటే నా నంబరుతో ఇంకొకడు బావి మీద తిప్పితే? ఈసారి ‘నాది కాదు’ అంటే ఫోన్ చూపించి మరీ ‘నీదే’ అంటారు!

దీన్ని తీసుకెళ్లి ఒక అక్కకు చూపించా. మా పక్క మండలంలో మహిళా సంఘం తరఫున పొలాలకు మందు కొట్టే డ్రోన్ నడుపుతుంది. కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకంలో 15 వేల సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని, ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా ఎనిమిది లక్షల దాకా, భరించాలని పెట్టుకుంది కదా, ఆ దారిలో వచ్చినావిడ. డ్రోన్ పైలట్‌గా నాకన్నా మొనగత్తె. పది లీటర్ల ట్యాంకు మోసే డ్రోన్‌ను చెరకు మీద తాడు పట్టినట్టు తిప్పుతుంది.

నేను ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే చివరిదాకా విని ఒకటే అడిగింది.

‘‘తమ్ముడూ, డ్రోన్ ఎక్కడుందో చూపిస్తే చూపియ్యనీ. నేనెక్కడున్ననో ఎందుకు చూపియ్యాలె? పొద్దుగాల ఐదింటికి పొలం గట్టు మీద నేనూ, నీళ్లు కలిపే పోరి, ఇద్దరమే ఉంటం. ఫోనున్నోడల్లా మా జాగా చూస్తడా?’’

నాకు తట్టనే లేదు. తాను మగాణ్ని, తిరిగేది అసిస్టెంట్లతో. పైగా ఈ భయం ఊహ కాదు. డీజేఐ డ్రోన్లు పంపే గుర్తింపు సిగ్నల్‌ను జర్మనీలో బోకమ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, మరికొందరు కలిసి విప్పి చూశారు. 2023లో బయటపెట్టిన విషయం ఏంటంటే, ఆ సిగ్నల్‌కు తాళమే లేదు. డ్రోన్ చోటు, పైలట్ నిలబడ్డ చోటు రెండూ ఎవరైనా చదువుకోవచ్చు. అమెరికా నిబంధనలో నంబరు వెనక మనిషి పేరు, చిరునామా అధికారుల దగ్గరే ఉంటాయి, మామూలు జనానికి చూపించరు. కానీ గట్టు మీద ఒంటరిగా ఉన్నావిడ విషయంలో పేరెందుకు, జాగా తెలిస్తే చాలదా?

అప్పటి నుంచి నా అభిప్రాయం కొంచెం మారింది. బీకన్ రావాలి. డ్రోన్ ఎక్కడుందో, దాని నంబరేమిటో ఊరి వాళ్లకు కనిపించాలి. పైలట్ నిలబడ్డ చోటు మాత్రం పోలీసుల పరికరానికి తప్ప తెరుచుకోకూడదు. నంబరును దొంగిలించకుండా డిజిటల్ సంతకం ఉండాలి. మన దగ్గర ఇంకా పూర్తిగా రాని నిబంధన కాబట్టి ఇవన్నీ అడగడానికి ఇదే అదను. వచ్చాక అడిగితే మాడ్యూల్ కొన్న ఖర్చు కూడా మన నెత్తినే పడుతుంది.

చూపులో లేనిది చుక్కలోనూ ఉండదు

ఇంకో భ్రమ కూడా ఉంది. ఐడీ వస్తే పుకార్లు పోతాయని. 2024 నవంబరు, డిసెంబరుల్లో అమెరికాలోని న్యూజెర్సీలో రాత్రిపూట అంతుచిక్కని డ్రోన్లు తిరుగుతున్నాయని పెద్ద కలకలం. అప్పటికి అక్కడ రిమోట్ ఐడీ పూర్తిగా అమల్లో ఉంది. ఎఫ్‌బీఐకి ఐదు వేలకు పైగా సమాచారాలు అందితే, లోతుగా చూడాల్సినవి వందకు మించలేదు. మిగతావాటిలో చాలావరకు మామూలు విమానాలు, హెలికాప్టర్లు, అనుమతితో ఎగిరిన డ్రోన్లు, కొన్నయితే నక్షత్రాలు. మరుసటి ఏడాది జూలై, ఆగస్టుల్లో మన ఉత్తరప్రదేశ్ పల్లెల్లో దొంగలు డ్రోన్లతో ఇళ్లు చూసిపోతున్నారని పుకారు లేచి, జనం రాత్రంతా కర్రలు పట్టుకుని కాపలా కాశారు. తెలియని మనిషి కనిపిస్తే కొట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఆ వార్తలు చదువుతుంటే నాకు చెరకు మళ్ల పక్క నుంచి వచ్చిన కట్టెలే గుర్తొచ్చాయి.

బీకన్ ఉన్న డ్రోన్ మాట్లాడుతుంది. బీకన్ తీసేసిన డ్రోన్ మాట్లాడదు, అంతే. దొంగ తన బండికి నంబర్ ప్లేటు పెట్టుకుని రాడు కదా. కానీ పది డ్రోన్లలో తొమ్మిది మాట్లాడితే, మాట్లాడని పదోదాన్ని వెతకడం తేలిక. బావి దగ్గర ఆ రోజు నాది మాట్లాడి ఉంటే చాలు, ఎస్సై గారు రెండోదాని వెంట పడేవారు.

కొనబోయేవాళ్లకు రెండు ముక్కలు. ఆన్‌లైన్‌లో ‘రిమోట్ ఐడీ రెడీ’ అని రాసిన డ్రోన్లు, విడిగా మాడ్యూళ్లు కనిపిస్తున్నాయి. అది ఎఫ్‌ఏఏ నిబంధనకు సరిపోతుందని అర్థం. దాన్ని అంటించుకున్నంత మాత్రాన మన యూఐఎన్ రాదు, మన 12వ నియమం రేపు ఏం అడుగుతుందో దానికి సరిపోతుందన్న హామీ కూడా లేదు. విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9 నుంచే నిషేధించారు. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు తప్ప మినహాయింపు లేదు. విడిభాగాలకు ఆ నిషేధం లేదు గానీ, సిగ్నల్ పంపే ఏ పరికరానికైనా టెలికం శాఖ డబ్ల్యూపీసీ విభాగం ఆమోదం ఉండాలి. అమ్మేవాణ్ని ఆ కాగితం అడగండి. ముఖం చూస్తేనే తెలిసిపోతుంది.

బరువు సంగతి ఇంకా ముఖ్యం. మా స్టూడియోకొచ్చే కాలేజీ పిల్లలంతా 249 గ్రాముల డ్రోన్ గురించే మాట్లాడతారు. 250 గ్రాముల దాకా నానో. నానోకు, వ్యాపారం కోసం కాని మైక్రోకు రిమోట్ పైలట్ సర్టిఫికేట్ అక్కర్లేదు. 249 గ్రాముల డ్రోన్ మీద ఇరవై గ్రాముల మాడ్యూల్ అంటిస్తే 269. మాడ్యూల్ పెట్టి బుద్ధిమంతుడయ్యాననుకుంటాడు, తీరా చూస్తే తరగతే మారిపోయింది. దానితో డబ్బు తీసుకుని బర్త్‌డే షూట్ చేశాడా, సర్టిఫికేట్ లేకుండా వ్యాపారం చేసినట్టే. రూల్స్ ఉల్లంఘిస్తే లక్ష రూపాయల దాకా జరిమానా. సర్టిఫికేట్ పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పద్దెనిమిదేళ్లు నిండి, పదో తరగతి పాసై, గుర్తింపు ఉన్న స్కూల్లో శిక్షణ తీసుకుంటే పదేళ్లపాటు చెల్లుతుంది. 2023 సెప్టెంబరు నుంచి పాస్‌పోర్టు కూడా అడగడం లేదు, ప్రభుత్వం ఇచ్చిన వేరే గుర్తింపు, చిరునామా కాగితాలు చాలు.

బీకన్ వచ్చేదాకా నేను చేస్తున్న పని ఇది. ఏ ఊళ్లో ఎగరేసినా ముందు రోజే వెళ్లి సర్పంచికో, గట్టు పక్క ఇంటివాళ్లకో చెబుతున్నా. ఎగరేసేటప్పుడు ఎర్ర జాకెట్ వేసుకుని అందరికీ కనిపించేలా నిలబడుతున్నా. ఫ్లైట్ లాగ్ ఆ రోజే కాపీ తీసి పెడుతున్నా. ఒకరకంగా ఇదే నా యాడ్ ఆన్ మాడ్యూల్. డబ్ల్యూపీసీ ఆమోదం అక్కర్లేనిది.

ఆ ఊరికి మళ్లీ వెళ్లడానికి నాకు రెండు నెలలు పట్టింది. పెళ్లి ఆల్బం ఇవ్వడానికి వెళ్తూ ఆ పెద్దావిడ ఇల్లు కనుక్కుని ఆగా. ఈఎస్‌పీ32 బోర్డు జేబులోనే ఉంది. ఆమె మనవడి ఫోన్లో యాప్ ఎక్కించి, అరుగు మీద పెట్టి చూపించా. మ్యాప్ మీద వాళ్లిల్లు, పక్కన వేపచెట్టు, ఇంటి మీద డ్రోన్ బొమ్మ.

‘‘అంటే గిది మాట్లాడుతదా? మన సంఘం రేడియో లెక్కన?’’

‘‘అవునవ్వా. నేను ఫలానావాణ్ని అని చెప్పుకుంట పోతది.’’

‘‘మంచిగుంది. ఆ దినం నీది మాట్లాడిందా?’’

‘‘లేదవ్వా. దానికి గిది లేదు.’’

ఆమె ఫోన్ మనవడికి ఇచ్చేసి, లోపలికి కేకేసి నాకు చాయ్ తెమ్మంది. గ్లాసు నా చేతిలో పెట్టి, చాలాసేపటి నుంచి అడగాలనుకుంటున్నట్టుగా అడిగింది.

‘‘మరి ఆ రెండోది ఎవలది కొడుకా?’’

‘‘తెల్వదవ్వా’’ అన్నాను.